బస్తీ పిల్లల కోసం ఆటలా, యాత్రలా, కళలా? మొదట దేన్ని ఎంచుకోవాలి

ఏ బస్తీలోనైనా నలుగురు పెద్దలు కూర్చుని మన పిల్లలకు ఏదైనా చేద్దాం అనుకున్నప్పుడు మూడు ప్రతిపాదనలు వస్తాయి. ఒకరు క్రికెట్ టోర్నీ పెడదాం అంటారు. ఇంకొకరు బస్సు మాట్లాడి అందరినీ ఎక్కడికైనా తీసుకెళదాం అంటారు. మరొకరు డాన్సో నాటకమో నేర్పిద్దాం అంటారు. మూడింటికీ సరిపడా డబ్బు ఉండదు. అంతకన్నా పెద్ద కొరత, వారం వారం తమ సాయంత్రాలు ఇవ్వగలిగిన మనుషులది. కాబట్టి ఎంచుకోక తప్పదు. నేను ముఖ్యంగా హైదరాబాద్, సికింద్రాబాద్ బస్తీలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. విజయవాడ కొండవాలు ఇళ్లకూ, విశాఖ వాడలకూ ఇందులో చాలావరకు పనికొస్తుంది.

నా తీర్పు ముందే చెబుతాను. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలతో కొత్తగా పని మొదలుపెట్టేవాళ్లకు వారం తప్పకుండా జరిగే ఆట మంచి ఆరంభం. ఆడే చోటు లేకపోతే, లేదా అమ్మాయిలు గడప దాటి రాలేకపోతే, కళతో మొదలుపెట్టాలి. యాత్ర ఎంత బాగున్నా దానితో మొదలుపెట్టకూడదు. నిర్ణయించాల్సిన అసలు విషయం మరొకటి ఉంది. అదే రోజు, అదే సమయానికి, అదే మనిషి వస్తారా? ఇది ఖాయం కాకపోతే మూడింట్లో ఏది ఎంచుకున్నా రెండు నెలల్లో ఆగిపోతుంది.

ముందు బస్తీని చూడండి

కార్యక్రమం ప్రకటించే ముందు ఒకటి రెండు వారాలు వేర్వేరు వేళల్లో గల్లీల్లో తిరగండి. బడి నడిచే సమయంలో వీధిలో ఎవరున్నారు? పదో తరగతి తప్పి మెకానిక్ షెడ్డులో చేరిన అబ్బాయికి ఏ రోజు సెలవు? తల్లి పనికి వెళితే తమ్ముణ్ని ఎత్తుకుని ఇంట్లోనే ఉండిపోయే అమ్మాయికి ఏ గంట ఖాళీ? రాత్రి పది దాటాక మూల మీద కూర్చునేవాళ్లు ఎవరు? సాయంత్రం ఐదు గంటలకు మైదానానికి రమ్మంటే వచ్చేది బడికి వెళుతున్న అబ్బాయిలు మాత్రమే. మిగిలిన ముగ్గురికీ మీ ఆహ్వానం అందనట్టే.

1986లో అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో గ్లెనార్డెన్ అనే ఊళ్లో అర్ధరాత్రి బాస్కెట్‌బాల్ మొదలైంది. యువకులు రోడ్ల మీద ఉండేది రాత్రి కాబట్టి ఆట కూడా రాత్రి పది తర్వాతే పెట్టారు. దానివల్లే నేరాలు తగ్గాయని గట్టిగా చెప్పలేం కానీ, సమయాన్ని పిల్లల బతుకును చూసి నిర్ణయించడం మాత్రం మనం నేర్చుకోవాల్సిందే. మన దగ్గర అర్ధరాత్రి ఆటలు అక్కర్లేదు. షెడ్డుల్లో, హోటళ్లలో పనిచేసేవాళ్ల కోసం సెలవు రోజు ఉదయం ఆరు గంటలు చాలు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ వల్ల ఎలాగూ అదే అనువైన వేళ. రంజాన్ మాసంలో ఉపవాసం ఉండే పిల్లలకు సమయం మార్చాలి, పదో తరగతి పరీక్షల నెలలో ఆట తగ్గించాలి. ఇవన్నీ క్యాలెండర్ మీద ముందే గుర్తు పెట్టుకున్న సంఘానికి తల్లిదండ్రుల దగ్గర మాట చెల్లుతుంది.

ఆట: ఏ ఆట?

ఆటకు పిలవనక్కర్లేదు. బంతి శబ్దం వినిపిస్తే పిల్లలు వాళ్లే వస్తారు. ఆటకున్న గొప్ప బలం అదే. బలహీనత కూడా అక్కడే ఉంది, ఎందుకంటే బాగా ఆడేవాళ్లు ముందుకొస్తారు, మిగతావాళ్లు గోడ మీద కూర్చుని చూస్తారు.

క్రికెట్ గురించి చాలామందికి నచ్చని మాట ఒకటి చెప్పాలి. ఆటో డ్రైవర్ కొడుకు మహ్మద్ సిరాజ్ టెన్నిస్ బంతి క్రికెట్ నుంచి భారత జట్టు దాకా వెళ్లిన కథ ప్రతి గల్లీకీ తెలుసు, ఆ కల విలువైనదే. కానీ గల్లీ క్రికెట్‌ను పది నిమిషాలు నిలబడి చూడండి. బ్యాటింగ్ చేసేవాళ్లూ బౌలింగ్ చేసేవాళ్లూ పెద్ద పిల్లలే. పదకొండేళ్లవాడు మురుగు కాలువ పక్కన ఫీల్డింగ్‌కు నిలబడతాడు, బంతి కాలువలో పడితే తీసేది వాడే, చీకటి పడేదాకా బ్యాటు వాడి చేతికి రాదు. పైగా క్రికెట్ ఎలాగూ జరుగుతూనే ఉంది. సంఘం డబ్బు పెట్టి చేయాల్సింది, ఇప్పటిదాకా జరగనిది.

ఫుట్‌బాల్ అలా కాదు. జట్టుకు ఐదుగురు, ఒక బంతి, గోల్‌పోస్టులకు నాలుగు ఇటుకలు. ఆడుతున్న పదిమందీ పరిగెత్తాల్సిందే. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలకు 4వ సైజు బంతి, ఆపైవాళ్లకు 5వ సైజు కొనాలి. చిన్నపిల్లలకు పెద్ద బంతి ఇస్తే వారానికే ఆసక్తి పోతుంది. ఈ ఆట హైదరాబాద్‌కు కొత్తదీ కాదు. ఉపాధ్యాయుడిగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరామ్ 1956, 1960 ఒలింపిక్స్‌లో ఆడారు. రహీం సాబ్ పద్ధతుల్లో నేటికీ బస్తీలో వాడుకోదగ్గవి ఉన్నాయి. బంతిని కాళ్ల దగ్గరే అట్టిపెట్టుకోకుండా వెంటనే అందించాలని ఒక పోటీ, బలం తక్కువ ఉన్న కాలితోనే తన్నాలని మరో పోటీ పెట్టేవారు. ఇలాంటి నిబంధన పెట్టగానే జట్టులో మొనగాడికీ కొత్తవాడికీ మధ్య దూరం తగ్గిపోతుంది. ఖర్చు ఏమీ లేదు.

చోటు మరీ తక్కువైతే కబడ్డీ. మగవాళ్ల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఆడవాళ్లది 12కు 8. రెండు అంతస్తుల ఇళ్ల మధ్య ఖాళీ స్థలంలో కూడా ఇది సరిపోతుంది. రాళ్లు ఏరి, మట్టి తవ్వి, ముందురోజు నీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీస్తే చాలు. అమ్మాయిలు కబడ్డీకి త్వరగా వస్తారు, ఖోఖోకు ఇంకా త్వరగా వస్తారు, ఎందుకంటే బడిలో ఆడినవే. ట్రాక్ ప్యాంటు వేసుకోవచ్చు అని ముందే చెబితే చాలా ఇళ్లలో సగం అభ్యంతరం పోతుంది. మిగతా సగం పోవాలంటే మైదానానికి దగ్గర్లో వాడదగ్గ మరుగుదొడ్డి, శిక్షణ ఇచ్చేవారిలో ఒక మహిళ, ఇంటికి చేరే సమయం మీద కచ్చితమైన మాట కావాలి. అమ్మాయిలు రావడం లేదని నిట్టూర్చే సంఘాలు ఈ మూడింటినీ ఏర్పాటు చేశాయో లేదో చూసుకోవాలి.

ఆట నిర్ణయమయ్యాక టోర్నీయా, లీగా? నేను ప్రతిసారీ లీగ్ అంటాను. ఎనిమిది జట్లతో ఓడితే ఇంటికి పద్ధతిలో టోర్నీ పెడితే మొత్తం 7 మ్యాచ్‌లు, నాలుగు జట్లు మొదటి మ్యాచ్‌తోనే వెళ్లిపోతాయి. అవి సాధారణంగా మనకు ఎక్కువ కావాల్సిన పిల్లలున్న జట్లే. అదే ఎనిమిది జట్లూ ఒకదానితో ఒకటి ఆడితే 28 మ్యాచ్‌లు, వారానికి నాలుగు చొప్పున ఏడు వారాలు. ప్రతి పిల్లవాడికీ ఏడు వారాల పాటు రావడానికి కారణం దొరుకుతుంది. షీల్డులు, ఫ్లెక్సీలు, ముఖ్య అతిథికి శాలువా వంటివి టోర్నీతో వచ్చే ఖర్చులు, లీగ్‌కు అవసరం లేదు.

లీగ్‌తో మరొకటి సాధ్యం. నైరోబీలోని మథారే మురికివాడలో 1987లో మొదలైన యువజన క్రీడా సంఘం ఫుట్‌బాల్ లీగ్ నడుపుతూ, వాడను శుభ్రం చేసిన జట్లకు పాయింట్ల పట్టికలో అదనపు పాయింట్లు ఇచ్చింది. గోల్ కొట్టడం ఎంతో, చెత్త ఎత్తడం అంత. మన బస్తీల్లో దీన్ని వేరే పనులకు కూడా అన్వయించవచ్చు. చిన్నపిల్లల జట్టుకు శిక్షణ ఇచ్చిన జట్టుకు పాయింట్లు, మ్యాచ్‌కు రిఫరీని పంపిన జట్టుకు పాయింట్లు, గొడవ లేకుండా మ్యాచ్ ముగించిన రెండు జట్లకూ పాయింట్లు. పట్టికను మైదానం గోడ మీద సుద్దతో రాయండి. పిల్లలు దాన్ని చదివినంత శ్రద్ధగా ఇంకేదీ చదవరు.

యాత్ర: ఎప్పుడు, ఎక్కడికి?

యాత్ర వద్దని కాదు. పాతబస్తీలో పుట్టి, మూసీ దాటి ఒక్కసారి కూడా ఒంటరిగా వెళ్లని పదహారేళ్ల పిల్లలున్నారు. తమ నగరం తమది కాదన్న భావన చిన్నప్పుడే మనసులో పడిపోతే, పెద్దయ్యాక ఇంటర్వ్యూకు హైటెక్ సిటీ వెళ్లడానికి కూడా కాళ్లు వెనకాడతాయి. దాన్ని విరిచే శక్తి యాత్రకు ఉంది. కానీ ఎవరో తెలియని పెద్దలతో, ఒకరికొకరు తెలియని పిల్లలతో మొదటి నెలలోనే బస్సెక్కితే తిరిగొచ్చాక మిగిలేది ఫొటోలే. కనీసం మూడు నెలలు కలిసి ఆడినవాళ్లతో వెళ్లిన యాత్ర వేరు. అప్పటికి ఎవరు అలిగితే ఎలా పలకరించాలో, ఎవరికి బస్సులో వాంతి అవుతుందో మీకు తెలిసి ఉంటుంది.

యాత్రల్లోనూ రెండు రకాలు. చూసే యాత్ర, చేసే యాత్ర. చూసే యాత్రకు దగ్గరి చోట్లే మేలు. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటల గడియారం ముందు గంట కొట్టే వేళకు కాస్త ముందే పిల్లలను కూర్చోబెట్టండి. గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొట్టేవరకు హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తుంది. పాఠాలు వినని పిల్లలు కూడా అక్కడ గంటలు లెక్కపెడతారు. తర్వాత మ్యూజియమంతా తిప్పాలని పట్టుబట్టవద్దు, రెండు గదులు చాలు. గోల్కొండలో కోట ప్రవేశ ద్వారం దగ్గర గుమ్మటం కింద సగం మందిని నిలబెట్టి, మిగతా సగాన్ని కొండ మీది బాలాహిసార్‌కు పంపి, కిందివాళ్లచేత చప్పట్లు కొట్టించండి. ఎందుకు వినిపిస్తోందో పిల్లలే వాదించుకుంటారు. పురావస్తు శాఖ వారి కట్టడం కనుక అక్కడ పదిహేనేళ్లలోపు వారికి ప్రవేశం ఉచితం. సాలార్‌జంగ్‌కు శుక్రవారం సెలవు, నెహ్రూ జంతు ప్రదర్శనశాలకు సోమవారం సెలవు. ఇది చూసుకోకుండా బయలుదేరి గేటు ముందు నిలబడిన బృందాలు చాలానే ఉన్నాయి. వీలైతే ప్రైవేటు బస్సు కాకుండా సిటీ బస్సులోనో మెట్రోలోనో వెళ్లండి. టికెట్ తీసుకోవడం, ఎక్కడ దిగాలో అడగడం పిల్లలకే అప్పగిస్తే, మళ్లీ వాళ్లంతట వాళ్లు వెళ్లగలుగుతారు.

చేసే యాత్రకు నా మొదటి ఎంపిక భువనగిరి. హైదరాబాద్‌కు సుమారు 50 కిలోమీటర్లు, సికింద్రాబాద్ నుంచి కాజీపేట వైపు వెళ్లే రైలు మార్గంలోనే ఉంది. ఆ ఏకశిల మీద కొండ ఎక్కడం నేర్పుతారు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ ఆ రాతి మీదే శిక్షణ మొదలుపెట్టి, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు ఇంకా పద్నాలుగేళ్లు నిండలేదు. మీ పిల్లలు ఎవరెస్ట్ ఎక్కాలని కాదు. తాడు పట్టుకుని పైనున్న తోటివాడి మీద నమ్మకం పెట్టాల్సిన ఆ పది నిమిషాల్లో, గల్లీలో పోజులు కొట్టే అబ్బాయి వణుకుతాడు, నోరు విప్పని అమ్మాయి సరసరా పైకి వెళ్లిపోతుంది. ఆ తర్వాత బస్తీలో వాళ్లిద్దరి మధ్య మాట తీరు మారిపోతుంది. శిక్షణ పొందినవాళ్లు, హెల్మెట్లు, తాళ్లు లేకుండా మాత్రం రాళ్లెక్కించవద్దు.

దూరపు విహారయాత్రలు, జలపాతాలు, బీచ్‌లు మొదటి ఏడాదిలో వద్దు. ఖర్చు ఎక్కువ, నీళ్ల దగ్గర ప్రమాదం ఎక్కువ, నేర్చుకునేది తక్కువ. ఏ యాత్రకైనా తల్లిదండ్రుల సంతకంతో అనుమతి పత్రం, పదిమందికి ఒక పెద్ద, అమ్మాయిలున్న చోట మహిళా కార్యకర్త, చీకటి పడకముందే తిరిగి రావడం తప్పనిసరి.

కళ: ఆలస్యంగా పండేది, ఎక్కువ కాలం నిలిచేది

ఆట పిల్లలను పోగుచేస్తుంది, కళ వాళ్లచేత మాట్లాడిస్తుంది. తాగొచ్చి కొట్టే తండ్రి గురించి మైదానంలో ఎవరూ చెప్పరు. నాటకంలో పాత్రకు ఆ మాటలు రాసేటప్పుడు చెబుతారు. అందుకే కళ నేర్పేవారికి ఓపికతో పాటు వినే గుణం కావాలి, విన్నదాన్ని ఊరంతా చెప్పని గుణం కూడా కావాలి.

ఏ కళ? సినిమా పాటలకు డాన్సు సులువుగా మొదలవుతుంది, వార్షికోత్సవానికి చప్పట్లు వస్తాయి, అక్కడితో సరి. నేను డప్పును సూచిస్తాను. డప్పును ఒక చేతిలో సిర్ర అనే పొట్టి కర్ర, మరో చేతిలో చిటికెన పుల్ల అనే సన్నటి పుల్ల పట్టుకుని వాయిస్తారు. వాయించే ముందు ఎండుగడ్డో కాగితాలో మండించి, ఆ సెగకు తోలు కాస్తారు. పిల్లలు చుట్టూ చేరి చూస్తుంటారు. చల్లగా ఉన్నప్పుడు మొద్దుగా పలికిన తోలు సెగ తగిలాక ఖంగుమని మోగడం వాళ్ల చెవులకే తెలుస్తుంది. ఒక దరువు వస్తే గుంపుతో కలిసి వాయించవచ్చు, కాబట్టి మొదటి రోజే అందరికీ పాత్ర ఉంటుంది. కానీ ఒక మాట దాచకూడదు. డప్పు తరతరాలుగా మాదిగల చేతి వాద్యం, దాన్ని వాయించినందుకు అవమానాలు పడ్డవాళ్లు బస్తీల్లో ఇంకా ఉన్నారు. మా పిల్లలు డప్పు కొట్టాలా అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు, ఎక్కువగా ఆ అవమానం చూసినవాళ్లే. వాళ్ల మాట కొట్టిపారేయవద్దు. డప్పు కళాకారుడినే గురువుగా పిలిచి, కోచ్‌కు ఎంత ఇస్తారో అంతకు తగ్గకుండా ఇచ్చి, అన్ని కులాల పిల్లలనూ ఆయన ముందు కూర్చోబెట్టండి. అది చేయలేని సంఘం డప్పు జోలికి వెళ్లకపోవడం మంచిది.

పాతబస్తీలో అయితే మర్ఫా ఉంది. ఏసీ గార్డ్స్‌లోని ఆఫ్రికా మూలాలున్న సిద్దీ కుటుంబాలు, బార్కస్‌లోని అరబ్బు మూలాలున్న కుటుంబాలు నగరానికి ఇచ్చిన సంగీతం అది, పెళ్లి ఊరేగింపుల్లో అది మోగితే హిందువులూ ముస్లిములూ కలిసి అడుగేస్తారు. డప్పు, మర్ఫా బృందాలకు బయట వాయించే పిలుపులు కూడా వస్తాయి. పద్దెనిమిదేళ్లవాడికి నాలుగు రూపాయలు తెచ్చే కళ అయితే ఇంట్లో అడ్డు చెప్పరు.

అమ్మాయిల విషయంలో కళ ముందుంటుంది. కమ్యూనిటీ హాలులోనో అంగన్‌వాడీ గదిలోనో కోలాటం, బొమ్మలు, వీధి నాటకం అంటే తల్లులు పంపుతారు, తామూ వచ్చి కూర్చుంటారు. నాలుగు నెలలు అలా నమ్మకం పెరిగాక అదే బృందాన్ని కబడ్డీకి తీసుకెళ్లడం సాధ్యమవుతుంది. నేరుగా మైదానానికి పిలిస్తే ఆ అమ్మాయిలు ఎప్పటికీ రారు.

గోడ చిత్రాలు చాలామందికి ఇష్టం. ఖైరతాబాద్ దగ్గరి మక్తా బస్తీ ఇళ్ల గోడల మీద 2016లో కళాకారులు పెద్ద పెద్ద బొమ్మలు వేశారు, నగరం నలుమూలల నుంచి జనం చూడటానికి వచ్చారు. మీరు చేసేటప్పుడు బయటి కళాకారుడు గీసి పిల్లలు రంగు పూసే పద్ధతి వద్దు. బొమ్మ ఏమిటన్నది పిల్లలూ, ఆ ఇంటివాళ్లూ కలిసి తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడంలోనే సగం పని ఉంది.

డబ్బు, భద్రత

డబ్బు ఎలా పంచాలో నా లెక్క సూటిగా ఉంటుంది. సగానికి పైగా నేర్పేవారికి ఇవ్వండి. జెర్సీల మీద, బూట్ల మీద, సౌండు బాక్సుల మీద ముందే ఖర్చుపెట్టిన సంఘాలు కోచ్‌కు ఇవ్వడానికి లేక ఆగిపోతాయి. స్థలానికి ప్రభుత్వ బడి ప్రధానోపాధ్యాయులను లిఖితపూర్వకంగా అడగండి, బడి ముగిశాక మైదానం ఖాళీయే. నగరపాలక సంస్థ వేసవిలో నడిపే క్రీడా శిక్షణ శిబిరాలకు పిల్లలను పంపి, అక్కడి శిక్షకులతో పరిచయం పెంచుకోండి. ఏడాది పొడవునా ఎవరు రాగలరో వాళ్లే చెబుతారు.

భద్రత విషయంలో సర్దుబాట్లు లేవు. ఏ పెద్దా ఒక పిల్లవాడితో లేదా పిల్లతో మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు, ఎంత తెలిసినవారైనా సరే. 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, బస్తీ పెద్దల మధ్య రాజీ కుదరదు. పిల్లల సహాయవాణి 1098 నంబరును హాలు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. అమ్మాయిల ఫొటోలు వాళ్లనూ తల్లిదండ్రులనూ అడగకుండా ఫోన్లలో పంచవద్దు. ఒక్క ఫొటో తప్పు చేతికి చిక్కితే మరుసటి వారం సగం మంది అమ్మాయిలు ఇంట్లోనే ఉండిపోతారు.

మీ పరిస్థితికి ఏది?

మైదానం ఉండి, అబ్బాయిలు రోడ్డు మీద ఉంటే ఐదుగురి ఫుట్‌బాల్ లీగ్. చోటు చిన్నదై అమ్మాయిలు రావడానికి ఇళ్లలో ఒప్పుకుంటే కబడ్డీ, ఖోఖో. ఒప్పుకోకపోతే కోలాటమో నాటకమో, తర్వాత ఆట. గల్లీల మధ్య, మతాల మధ్య గొడవలున్న చోట జట్లను గల్లీల పేరుతో కట్టవద్దు, పేర్లు చీటీలు తీసి కలపండి. అలాంటి చోట ఆట కన్నా వాద్య బృందం ఇంకా మంచిది, అక్కడ ఓడిపోయేవాళ్లు ఉండరు. పని చేసుకునే పదిహేడేళ్లవాళ్లే ఎక్కువగా ఉంటే సెలవు రోజు ఉదయం ఆట, నెలకొకసారి సగం పూట నగరంలో యాత్ర. బడి పిల్లలు, పని పిల్లలు కలిసి ఉంటే రెండు వేళలు పెట్టాలి, ఒకే వేళకు ఇద్దరినీ రప్పించాలని చూడవద్దు.

ఏడాది నిలబడ్డాక మీ దగ్గర పద్దెనిమిది దాటుతున్న పిల్లలు కొందరు ఉంటారు. వయసు దాటిందని వాళ్లను పంపేయవద్దు. ఈల చేతికిచ్చి చిన్నవాళ్ల మ్యాచ్‌లకు రిఫరీలుగా, దరువు నేర్పే సహాయకులుగా, యాత్రలో పదిమందికి బాధ్యులుగా పెట్టండి. నెలకు కొంత గౌరవ వేతనం తప్పకుండా ఇవ్వండి, ఎందుకంటే ఆ వయసులో ఇంటికి ఏమీ తేలేనివాడు రాలేడు. కొత్త కోచ్ కోసం బయట వెతకడం కన్నా ఇది చవక, పైగా మూల మీద కూర్చున్న కుర్రాళ్లు మీ మాట కన్నా వాళ్ల మాటే ముందు వింటారు.